క్లౌడ్ మీద ఆధారపడటం: మిల్లుల్లో, కాలేజీల్లో నేను వినే అపోహలు

మిర్యాలగూడ రైస్‌మిల్లులకు, నల్లగొండ కాలేజీలకు సర్వర్ల పని చూస్తుంటాను. విదేశీ క్లౌడ్ (అంటే అమెజాన్ లాంటి కంపెనీల సర్వర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడం) సంగతి ఎత్తగానే దాదాపు ఇవే మాటలు వస్తాయి.

అపోహ: డేటా సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది కదా, భయమెందుకు?

వాస్తవం: అమెజాన్ 2022 నవంబర్‌లోనే హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది, నిజమే. మిషన్లు ఇక్కడివే, కంపెనీ మాత్రం అమెరికా చట్టానికి లోబడి ఉంటుంది. డేటా ఏ దేశంలో ఉన్నా, వారెంటు వంటి ఆదేశం వస్తే అమెరికా కంపెనీ ఇవ్వాలని అక్కడి 2018 క్లౌడ్ యాక్ట్ చెబుతుంది. ఇక సేవలు ఆపేయడం సంగతి. 2025 జులైలో చమురు శుద్ధి కంపెనీ నయారా ఎనర్జీ మీద యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టిన కొద్దిరోజులకే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి సేవలు ఆపేసింది. ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాకే తిరిగి వచ్చాయి. రిఫైనరీ ఉన్నదేమో గుజరాత్‌లో! మన మిల్లు మీద ఎవరూ ఆంక్షలు పెట్టరు, సరే. కార్డు పేమెంట్ ఫెయిలై అకౌంట్ ఆగినా ధాన్యం లారీ కాంటా మీద నిలబడాల్సిందేగా.

అపోహ: ఆఫీసులో సొంత సర్వర్ పెట్టుకుంటే గొడవ తీరుతుంది.

వాస్తవం: చూసుకునే మనిషి లేకపోతే వద్దు. అంతే.

అపోహ: స్వదేశీ కంపెనీకి మారితే చాలు.

వాస్తవం: కేంద్ర ప్రభుత్వం సుమారు 12 లక్షల మంది ఉద్యోగుల మెయిల్‌ను జోహోకు మార్చింది. మంచిదే. కానీ డేటా బయటికి తీసుకునే దారి లేకపోతే ఏ దేశపు కంపెనీ అయినా చిక్కే.

అపోహ: క్లౌడ్ నుంచి బయటికి రావాలంటే డేటా తరలించే చార్జీలే తడిసి మోపెడవుతాయి.

వాస్తవం: పూర్తిగా వదిలి వెళ్లేవాళ్లకు ఆ చార్జీ మాఫీ చేస్తామని 2024 జనవరిలో గూగుల్, మార్చిలో అమెజాన్, మైక్రోసాఫ్ట్ ప్రకటించాయి. అడిగి చేయించుకోవాలి. అసలు తిప్పలు కోడ్‌లో ఉంటాయి. కాంటా చీటీల సాఫ్ట్‌వేర్‌ను అమెజాన్ సొంత డేటాబేస్ డైనమోడీబీ మీద రాయిస్తే, మారేటప్పుడు చాలా భాగం తిరగరాయాలి. అదే ఎవరైనా ఉచితంగా వాడుకోగల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మీద ఉంటే డంప్ (మొత్తం డేటా కాపీ) తీసి ఇంకోచోట ఎక్కించవచ్చు. ఏ డేటాబేస్ మీద రాస్తారో వెండర్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే అడగాలి, తర్వాత అడిగితే నవ్వుతాడు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, లాగిన్ దగ్గర. ఒక మిల్లులో బిల్లింగ్, కాంటా, జీఎస్టీ పాస్‌వర్డ్ రికవరీ అన్నీ గుమాస్తా సొంత జీమెయిల్‌కే పోతున్నాయి. ‘సేటూ, ముందు మిల్లు పేరు మీద ఒక డొమైన్ కొనుండ్రి’ అన్నాను. డొమైన్ అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు. డొమైన్ మనదైతే, రేపు మెయిల్ కంపెనీని మార్చినా ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే సెట్టింగులు) మారుస్తాం, అడ్రస్ అదే ఉంటుంది. పాత మెయిళ్ల కాపీ మాత్రం ముందే దించుకోవాలి.