పేరు కలిస్తే పూర్వీకుడేనా? అమెరికా వంశచరిత్ర: అపోహలు - వాస్తవాలు

"మా అల్లుడి తరఫువాళ్లు మేఫ్లవర్ ఓడలో వచ్చారటండీ, ఆన్‌లైన్‌లో ఉంది!" అమెరికా పాత కుటుంబాల వంశచరిత్ర వెతికిపెట్టే నాకు ఇలాంటి ఫోన్లు మామూలే. 1620లో ఇంగ్లండ్ నుంచి అమెరికాకు ఆ ఓడలో వచ్చింది 102 మంది. సుమారు సగం మంది మొదటి చలికాలం దాటలేదు.

అపోహ: నలభై ఫ్యామిలీ ట్రీలు ఒకే మాట చెబుతున్నాయంటే అది నిజమే.

వాస్తవం: ఒకరు తప్పు రాశారు, మిగతాదంతా గొర్రెదాటు. 17వ శతాబ్దపు న్యూ ఇంగ్లండ్‌లో (అమెరికా ఈశాన్య ప్రాంతం) జాన్‌లు, థామస్‌లు ఏ ఊళ్లో చూసినా ఉంటారు. ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లో బాప్టిజం అయిన జాన్, మసాచుసెట్స్‌లో పొలం కొన్న జాన్ ఒక్కడేనని ఎవరు తేల్చారు? ఆ మధ్య ఒకావిడ ఇలాంటి జాన్‌తో మొదలయ్యే తన భర్త వంశవృక్షం పంపారు. అదే రిజిస్టర్‌ నాలుగు పేజీలు తిప్పితే, ఆ జాన్‌ను మూడేళ్ల వయసులోనే ఖననం చేసినట్టు రాసి ఉంది. ఆ పసివాడికి తొమ్మిది మంది పిల్లల్ని అంటగట్టారు! పాపం, ఆవిడ అప్పటికే ఇంగ్లండ్ వెళ్లి ఆ చర్చి ముందు ఫొటోలు కూడా దిగొచ్చారు.

పేరు కాదు, సంబంధం చూపించే కాగితం కావాలి. వీలునామాలో "నా కూతురు, ఆమె భర్త ఫలానా" అని ఉంటే అది సాక్ష్యం. భూమి అమ్మిన దస్తావేజులూ చదవండి. భార్య తన హక్కు వదులుకుంటూ పెట్టిన సంతకమో, గుర్తో ఉంటుంది. కొన్నిసార్లు ఆమె పేరు దొరికేది అక్కడే. "జూనియర్" అని కనబడగానే కొడుకు అనుకోకండి. ఊళ్లో అదే పేరున్న ఇద్దరిలో చిన్నవాడు, అంతే. పెద్దాయన పోయాక ఇతనే సీనియర్ అవుతాడు.

ఇంకో టెన్షన్: "పెళ్లి 1690 ఏప్రిల్, బిడ్డ 1690 ఫిబ్రవరి. పరువు పోయిందండీ!" పోలేదు. 1752 దాకా అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఏప్రిల్ తర్వాత వచ్చిందే ఆ ఫిబ్రవరి. పెళ్లయిన పది నెలలకు పుట్టిన బిడ్డ.

ఎల్లిస్ ఐలండ్‌లో పేరు మార్చేశారా? న్యూయార్క్‌లో వలసదారుల్ని తనిఖీ చేసిన ఆ కేంద్రం తెరిచిందే 1892లో; ఈ పాత కుటుంబాలు అంతకు చాలా ముందే వచ్చాయి. ఇంటిపేరుకు కోట్ ఆఫ్ ఆర్మ్స్ (డాలు మీద వేసే వంశచిహ్నం) ఉందా? ఇంగ్లండ్‌లో వాటిని ఇచ్చేది మనిషికి, ఇంటిపేరుకు కాదు. ఇంటిపేరు చూసి అలాంటివి కొనడం డబ్బు దండగ.

వర్జీనియాలో రికార్డులన్నీ తగలబడ్డాయని చాలామంది ఆశ వదిలేస్తారు. కొన్ని కౌంటీలవి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అంతర్యుద్ధంలో, 1865లో, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో కాలిపోయిన మాట నిజమే. కానీ 1782 నుంచి పన్ను జాబితాల రాష్ట్ర ప్రతులు చాలావరకు ఉన్నాయి. ముందు వాటిని తిరగేయండి, తర్వాత పక్క కౌంటీ కోర్టు పుస్తకాలు.