ద్రవాభిసరణ: శాతం చూసి లెక్క వేయకండి

శరీరధర్మశాస్త్రం ల్యాబ్‌లో ప్రాక్టికల్స్ చేయిస్తుంటాను. ద్రవాభిసరణ గురించి, అంటే పొర గుండా నీరు కదలడం గురించి, ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే అపోహలు ఎదురవుతాయి. తప్పు పిల్లలది కాదు, "నీరు పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు పోతుంది" అన్న ఒక్క వాక్యంతో పాఠం ముగించేయడమే అసలు సమస్య.

అపోహ: శాతం ఎక్కువగా ఉన్న ద్రావణమే నీటిని ఎక్కువ లాగుతుంది.

వాస్తవం: చూడాల్సింది బరువు కాదు, కరిగిన రేణువుల సంఖ్య. సెలైన్‌లో ఉప్పు 0.9 శాతమే, గ్లూకోజ్ ద్రావణంలో గ్లూకోజ్ 5 శాతం. అయినా వాటి ద్రవాభిసరణ పీడనాలు (నీటిని లాగే బలం) దగ్గరదగ్గరగా ఉంటాయి. ఉప్పు నీటిలో పడగానే సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. గ్లూకోజ్ విడిపోదు, పైగా దాని అణువు బరువైనది. లీటరుకు చూస్తే సెలైన్‌లో సుమారు 308 మిల్లీఆస్మోల్స్ (కరిగిన రేణువుల లెక్కకు కొలమానం), నిర్జల గ్లూకోజ్‌తో చేసిన 5 శాతం ద్రావణంలో సుమారు 278.

అపోహ: లోపలా బయటా గాఢత సమానమైతే కణానికి ఏమీ కాదు.

వాస్తవం: ఇది మాటల్లో చెప్తే ఎక్కదు, చూపించాలి. ఒక పరీక్షనాళికలో సెలైన్, ఇంకోదానిలో దానికి సమానమైన ఆస్మోలారిటీ (లీటరుకు కరిగిన రేణువుల లెక్క) ఉన్న యూరియా ద్రావణం పోస్తాం. రెండింటిలో చెరో చుక్క రక్తం వేసి, వెనకాల అచ్చు కాగితం పెడతాం. సెలైన్ నాళిక మసకగానే ఉంటుంది, అక్షరాలు ఆనవు. యూరియా నాళిక చూస్తుండగానే ఎర్రగాజులా తేటపడుతుంది, వెనకున్న అక్షరాలు చదవొచ్చు. ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయన్నమాట! యూరియా త్వచాన్ని (కణాన్ని చుట్టిన పొరను) దాటి లోపలికి వెళ్లిపోతుంది. పొటాషియం, హిమోగ్లోబిన్ లాంటివి అంత తేలిగ్గా బయటికి రాలేవు. దాంతో లోపల కరిగి ఉన్న మొత్తం రేణువులు పెరిగి, నీరు కూడా లోపలికి వస్తుంది, కణం ఉబ్బి పగులుతుంది. అంటే కణం ఉబ్బుతుందా ముడుచుకుంటుందా అన్నది తేల్చేది త్వచం దాటలేని ద్రావితమే (కరిగిన పదార్థమే). కొన్నిటిని దాటనిచ్చి కొన్నిటిని ఆపే ఇలాంటి పొరను విచక్షణాత్వచం అంటారు, ఆ పేరులోని "విచక్షణ" అదే. గాఢత మాత్రమే చెప్పి, ఏ పదార్థమో చెప్పకపోతే జవాబు సగమే.

అపోహ: సమతాస్థితి వస్తే నీరు కదలదు.

వాస్తవం: కదులుతూనే ఉంటుంది, వచ్చేదీ పోయేదీ సమానం అవుతాయంతే.

అపోహ: రెండువైపులా గాఢత సమానమయ్యేదాకా నీరు చేరుతూనే ఉంటుంది.

వాస్తవం: మొక్క కణాన్ని స్వచ్ఛమైన నీటిలో ఉంచండి. బయట ద్రావితమే లేదు కాబట్టి గాఢతలు ఎప్పటికీ సమానం కావు. అయినా కొంతసేపటికి కణం ఉబ్బడం ఆగుతుంది. కణకవచం (కణం చుట్టూ ఉండే గట్టి గోడ) ఎదురు నొక్కడంతో లోపల పీడనం పెరిగి, నీటి రాకపోకలను సమానం చేస్తుంది. ఎర్ర రక్తకణానికి ఆ కవచం లేదు, అందుకే అదే నీటిలో అది పగిలిపోతుంది.