కోన నీళ్లు, టీడీఎస్ మీటరు: అపోహలు - వాస్తవాలు

సోమవారం వచ్చిందంటే మా ల్యాబ్ బల్ల మీద కూల్‌డ్రింక్ సీసాలు వరసగా చేరతాయి. అన్నీ నెల్లూరు జిల్లా పెంచలకోన కొండ ఊట నీళ్లే. తెచ్చినవాళ్ల మాటా ఒకటే: "సార్, మీటర్లో అరవై చూపించింది. మినరల్ వాటర్ కన్నా మేలే కదా?"

కాదండీ. టీడీఎస్ మీటరు చూసేది నీళ్లలో కరిగిన లవణాలనే. క్రిములు దానికి కనపడవు. బకెట్ నీళ్లలో చిటికెడు పేడ కలిపినా ఆ అంకె పెద్దగా కదలదు.

అసలు కోన నీళ్లలో టీడీఎస్ ఎందుకు తక్కువ? కొండ మీద కురిసిన వాన రాతి చీలికల్లోంచి గబగబా దిగి ఊటగా బయటపడుతుంది. రాయిలో ఎక్కువ కాలం నిలవదు కాబట్టి లవణాలు పట్టవు. అంత తొందరగా వచ్చింది కాబట్టే సరిగా వడకట్టుకోనూ లేదు. మనం పెన్న ఇసుకలో చెలమ తీసుకుని తాగినవాళ్లం, ఆ ధైర్యాన్నే కోనకూ తీసుకుపోతాం. ఇసుక నిదానంగా వడకడుతుంది. రాతి చీలిక అలా కాదు, పైన కోతులు, మేకలు, మనుషులు వదిలినదంతా కిందికి దించేస్తుంది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. మలంతో వచ్చే ఈ.కోలై క్రిమి మాత్రం 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ ఉండకూడదు.

ఇదంతా మా మామగారికి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. పోయినేడు ఆయన తెచ్చిన నీళ్లే కొంచెం హెచ్‌టూఎస్ వయల్‌లో (మలం కలిసిన నీళ్లయితే నల్లబడే టెస్టు సీసాలో) పోసి టీవీ పక్కన పెట్టాను. మర్నాటికి సిరాలా నల్లబడింది. "సీసా కడగలేదేమోలే" అన్నారు. అదీ నిజమే! కూల్‌డ్రింక్ సీసాలో తెచ్చిన శాంపిల్ మాకు పనికిరాదు. స్టెరైల్ సీసాలో, ఐస్ మీద పెట్టి, అదే రోజు తేవాలి.

చల్లటి నీళ్లలో క్రిములు ఉండవంటారు. ఫ్రిజ్‌లో పెట్టినా చావవు. మూలికల వేళ్లు తగిలిన నీళ్లంటారు, దానికి నా దగ్గర టెస్టు లేదు. కనిగిరి వైపు వాళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు. ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. క్రిములకైతే మరిగించడమే మందు, తెర్లాక ఒక నిమిషం చాలు.

"మా పాప దోసిలితో తాగేసింది సార్" అని ఏడుస్తూ ఫోన్ చేసే తల్లులూ ఉన్నారు. టెన్షన్ పడకండమ్మా, తాగిన వాళ్లందరికీ జబ్బు రాదు. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పట్టండి. జ్వరం వచ్చినా, రక్తం పడినా, పాప నీరసించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, మా రిపోర్టు కోసం ఆగొద్దు. మా వయల్ నల్లబడడానికే ఒక రోజు పడుతుంది.