ఊరి బడి మీద ఊళ్లో తిరిగే మాటలు: అపోహలు - వాస్తవాలు

బడి సంగతి వచ్చిందంటే రచ్చబండ దగ్గర పార్టీల మీద, ప్రభుత్వాల మీద గంటలకొద్దీ వాదన నడుస్తుంది. అదే ఊళ్లో తల్లిదండ్రుల కమిటీ తీర్మానాల పుస్తకం తెరిచి చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. వాదనకు పెట్టే సమయంలో కొంత ఆ పుస్తకానికి పెడితే బడికి ఎక్కువ మేలు జరుగుతుంది. ఈ వివరాలు ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల గురించి.

అపోహ: కమిటీ అంటే హెచ్‌ఎం కబురు పెట్టినప్పుడు వెళ్లి సంతకం పెట్టడమే.

వాస్తవం: విద్యాహక్కు చట్టం (2009) 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురిని ఎన్నుకుంటారు. ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడిలో తల్లిదండ్రుల సభ్యులే 15 మంది. ఛైర్మన్ వాళ్లలోంచే వస్తారు, హెచ్‌ఎం మెంబర్ కన్వీనర్ (సమావేశాలు పిలిచే సభ్యుడు) మాత్రమే. (తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు, అక్కడి ఏర్పాటు వేరు.)

గ్రాంటు ఖర్చు చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం ఈ కమిటీ బాధ్యత. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 31 నుంచి 100 మంది ఉంటే ఏడాదికి గరిష్ఠంగా 25 వేలు, 101 నుంచి 250 వరకు 50 వేలు. అందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికి ఖర్చు పెట్టాలి. మరుగుదొడ్డికి తలుపు లేదని అడిగేవాళ్లు ఈ పదో వంతు ఎక్కడికి పోయిందో ముందు అడగాలి.

గండి పడేది తీర్మానాల పుస్తకంలోని ఖాళీ పేజీ దగ్గర. ముందు సంతకాలు తీసుకుని తర్వాత తీర్మానం రాసే అలవాటు చాలా చోట్ల ఉంది. రాసింది పైకి చదివించుకోండి. కింద మిగిలిన ఖాళీని అడ్డగీతతో కొట్టేయించండి. తేదీ, హాజరైనవాళ్ల సంఖ్య వేశాకే సంతకం పెట్టండి. పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చదవడం రాని సభ్యులుంటే వాళ్ల కోసమైనా బిగ్గరగా చదవాల్సిందే. వేలిముద్రకూ సంతకమంత విలువే ఉంటుంది.

అపోహ: మన బడిని మరో బడిలో కలిపేయాలని ప్రభుత్వం అనుకున్నాక ఊరు చేయగలిగేదేమీ లేదు.

వాస్తవం: 2022 జూన్‌లో వచ్చిన జీవో 117తో చాలా చోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు వెళ్లాయి. తల్లిదండ్రులు గేట్ల ముందు ధర్నాలు చేశారు. 2025లో ఆ జీవోను ఉపసంహరించి, బడుల వర్గీకరణ మళ్లీ మార్చారు. అంటే ఇవి రాతిమీద గీతలు కావు. పార్టీ ఏదైనా, జీవో ఏదైనా, కాగితం మీద అభ్యంతరం నమోదైన ఊరి మాటకు బలం ఎక్కువ.

ఆ కాగితంలో ఏముండాలన్నదే అసలు పని. రాష్ట్ర విద్యాహక్కు నిబంధనల్లో ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని ఉంది. దూరాన్ని మ్యాపులో సూటిగీతలా కొలవొద్దు. పిల్లలు నడిచే దారినే కొలవండి. మధ్యలో హైవే దాటాలా, రైల్వే గేటు ఉందా, వానాకాలంలో వాగు పొంగుతుందా, ఏ నెలల్లో అన్నది రాయండి. తరగతులవారీగా, వాడలవారీగా పిల్లల సంఖ్య పట్టిక వేయండి. ఎస్సీ కాలనీ ఊరి చివర ఉంటే ఆ దూరం విడిగా చూపించాలి, ఎక్కువ నష్టపోయేది ఆ పిల్లలే. కమిటీ తీర్మానం చేసి నకలును మండల విద్యాధికారికి (ఎంఈవో) ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు రుజువుండదు. "మా బడి ఎత్తేయొద్దు" అని నాలుగు వాక్యాలు రాసి వంద సంతకాలు పెట్టిన అర్జీ కంటే పట్టిక ఉన్న ఒక్క పేజీని పక్కన పెట్టడం అధికారికి కష్టం.

అపోహ: మధ్యాహ్న భోజనం బాగుందో లేదో రుచి చూస్తే చాలు.

వాస్తవం: రుచితో పాటు తూకమూ చూడాలి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది వరకు ఇవి 150, 30, 75, 7.5 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు. నలభై మంది చిన్న పిల్లలకు నాలుగు కిలోల బియ్యం, 800 గ్రాముల పప్పు, రెండు కిలోల కూరగాయలు పొయ్యి దగ్గరికి రావాలి. పప్పు నీళ్లలా ఉందంటే వంటమనిషిని తిట్టే ముందు ఆ రోజు ఎంత పప్పు ఇచ్చారో చూడండి, బిల్లులు నెలల తరబడి ఆగితే మొదట తగ్గేది పప్పే. హాజరు పట్టీలో సంఖ్యను పంక్తిలో కూర్చున్న తలలతో పోల్చండి. కమిటీ సభ్యులు చెప్పకుండా వెళ్లి చూడొచ్చు.

అపోహ: ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపితే సర్కారు బడిలో చేర్చుకోరు.

వాస్తవం: ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. వయసు రుజువు లేదనీ ఆపకూడదు. చిక్కంతా ఆన్‌లైన్‌లో వస్తుంది. పాత బడి యూడైస్ ప్లస్‌లో (బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) బిడ్డ పేరు వదలకపోతే కొత్త బడి లెక్కలో చేరదు. బిడ్డ పెన్ నంబరు (ఆ పోర్టల్‌లో ఒక్కో విద్యార్థికి ఉండే శాశ్వత సంఖ్య) రాసి ఎంఈవో కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి.

అపోహ: ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లు ఎస్సీ, ఎస్టీలకే.

వాస్తవం: ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు 5, ఆదాయ పరిమితికి లోబడిన మిగతా బలహీన వర్గాలకు 6 శాతం. రాష్ట్రంలో ఇవి ఒకటో తరగతి సీట్లు. రెండో తరగతిలో అడిగితే దొరకవు.

అపోహ: సమాచార హక్కు దరఖాస్తుకు లాయరు కావాలి, ఖర్చవుతుంది.

వాస్తవం: గ్రామస్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకాగితం చాలు. "ఎందుకు బాగు చేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, కాగితాలు అడగాలి. ఇలా రాయండి: "2024-25లో మా బడికి విడుదలైన కాంపోజిట్ గ్రాంటు, ఖర్చు వివరాలు, బిల్లుల నకళ్లు, తీర్మానాల నకళ్లు ఇవ్వగలరు." 30 రోజుల్లో జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా అక్కడి నుంచి మరో 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. చాలామంది జవాబు కోసం ఎదురుచూస్తూ ఈ గడువే దాటేస్తారు. దరఖాస్తు ఇచ్చిన రోజే క్యాలెండర్‌లో రెండు తేదీలూ గుర్తు పెట్టుకోండి.