ఆదివాసీ విద్యార్థుల పై చదువులకు స్కాలర్‌షిప్పులు: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే ఉట్నూరు నుంచి పాడేరు దాకా ఏ ఏజెన్సీ మండలంలో చూసినా స్కాలర్‌షిప్పుల మీద ఇవే మాటలు. కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. సగం నిజాలతోనే పిల్లలు ఎక్కువ నష్టపోతున్నారు.

అపోహ: ఎస్టీ సర్టిఫికెట్ ఉంటే ఏ కాలేజీలో చేరినా ఫీజు ప్రభుత్వమే కడుతుంది.

ముందుగా చూసేది సీటు ఎలా వచ్చిందన్నది. ఎప్‌సెట్ (ఇంజనీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష), దోస్త్ (తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) లాంటి కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా కింద, అంటే ప్రభుత్వం కేటాయించగా వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. "ముందు చేరిపో, స్కాలర్‌షిప్ తర్వాత మేం చూసుకుంటాం" అని ఎవరన్నా అంటే, మీ పేరు మీద వచ్చిన అలాట్‌మెంట్ ఆర్డర్ చూపించమని అడగండి. అది లేకపోతే ఆ కాలేజీలో చేరకండి. మిగతా పొరపాట్లు చాలావరకు తర్వాత దిద్దుకోవచ్చు గానీ దీన్ని దిద్దుకునే దారి లేదు.

ఒక డిగ్రీ పూర్తయ్యాక అదే స్థాయిలో ఇంకో కోర్సులో చేరినా రాదు. బీఏ అయ్యాక బీకాం చదివితే సొంత ఖర్చే.

కన్వీనర్ సీటే అయితే తెలంగాణలో ఎస్టీ విద్యార్థికి ర్యాంకుతో పని లేదు, ఇంజనీరింగ్‌లోనూ ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజు మొత్తం వస్తుంది. పదివేల లోపు ర్యాంకు నిబంధన బీసీ, ఈబీసీలది. ఆ మాట విని ఎస్టీ పిల్లలు మంచి కాలేజీల ఆప్షన్లు పెట్టకుండా వదిలేస్తున్నారు. ఇది చాలా అన్యాయం.

అపోహ: అన్నకు ఉద్యోగం వచ్చింది కాబట్టి తమ్ముడికి ఇక రాదు.

తల్లిదండ్రుల్లో ఒక్కరున్నా వారి ఆదాయమే లెక్క. అన్నదమ్ముల జీతం కలపరు. పెళ్లయి, ఉద్యోగం లేని అమ్మాయికైతే భర్త ఆదాయం చూస్తారు. పదో తరగతి తర్వాతి చదువులకు ఇచ్చే కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకంలో పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఒకే ఇంట్లో ఎంతమంది పిల్లలు చదువుతున్నా అందరూ అర్హులే.

అపోహ: పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే ఏమవుతుంది?

దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఆత్రం అని ఒక ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో ఉంటుంది, ఆధార్‌లో అదే పేరుకు ఒక 'హెచ్' ఎక్కువ. మనం పలికేది ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు మనుషులు. మడావి, కుమ్రం, రాథోడ్ లాంటి ఇంటిపేర్లన్నింటికీ ఈ తిప్పలే. మెమో మార్చడం కష్టం, అందుకే ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్చుకోవాలి. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. మెమో చేత్తో పట్టుకెళ్లి, ఇంటిపేరు ముందా వెనకా, పేర్ల మధ్య ఖాళీ ఉందా అన్నీ సరిచూసి, ఆపరేటర్ టైప్ చేసింది చదివాకే వేలిముద్ర వేయండి. ఈ పని అడ్మిషన్ల సమయంలో కాదు, ఇంటర్ రెండో ఏడాదిలోనే చేసుకోవాలి.

కుల ధ్రువీకరణ పత్రం అన్ని తెగలకూ తహసీల్దారే ఇవ్వరు, కొన్ని తెగలకు ఆర్డీవో ఇవ్వాలి. మీ తెగకు ఎవరిస్తారో మీసేవలో ముందే కనుక్కోండి.

అపోహ: బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా, డబ్బు పడిపోతుంది.

బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) నమోదు కావడం, అంటే సీడింగ్, వేరు. రెండు మూడు ఖాతాలుంటే, చివరగా ఏ బ్యాంకులో సీడింగ్ చేయించారో అక్కడికే వెళ్తుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఆ బ్యాంకు పేరు కనబడుతుంది.

ఇంకో చిక్కు చిన్న ఖాతాలతో. పూర్తి కేవైసీ (గుర్తింపు, చిరునామా పత్రాల పరిశీలన) లేకుండా తెరిచిన ఖాతాలో ఏడాదికి మొత్తం లక్ష రూపాయల కంటే ఎక్కువ జమ కాకూడదు. ఆ పరిమితి దాటే మొత్తం వస్తే జమ కాకుండా ఆగిపోవచ్చు. పాస్‌బుక్ తీసుకెళ్లి పూర్తి కేవైసీ చేయించండి.

అపోహ: ఐఐటీ అంటే లక్షల ఖర్చు, మనవల్ల కాదు.

ఐఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. నెలకు 2,200 రూపాయలు, పుస్తకాలకు ఏడాదికి 3,000, కంప్యూటర్‌కు ఒకసారి 45,000 దాకా ఇస్తారు. ఆదాయ పరిమితి 6 లక్షలు. ఐఐటీలే కాదు, జాబితాలో ఎన్ఐటీలు, ఎయిమ్స్, ఐఐఎంలు కూడా ఉన్నాయి. దేశం మొత్తానికి ఏటా 1,000 కొత్త స్కాలర్‌షిప్పులు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. పంపేశాం అని ఊరుకోవద్దు. మీ విద్యాసంస్థలో స్కాలర్‌షిప్పులు చూసే నోడల్ అధికారి వెరిఫై చేస్తేనే అది ముందుకు కదులుతుంది.

అపోహ: ఒకదానికి పెడితే ఇంకోదానికి పెట్టకూడదు.

ఎన్నింటికైనా దరఖాస్తు పెట్టవచ్చు, తీసుకోవడం మాత్రం ఒకటే. రెండూ మంజూరైతే ఎక్కువ వచ్చేది ఉంచుకుని రెండోది రాతపూర్వకంగా వదులుకోవాలి. రెండూ వాడుకుంటే రికవరీ వస్తుంది, అంటే డబ్బు తిరిగి కట్టాలి.

అపోహ: ఫీజు ప్రభుత్వం నుంచి వచ్చేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండాలి.

అక్కర్లేదు. అడ్మిషన్ సమయంలో సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే నోటీసు ఇచ్చింది. జిరాక్సులు ఇవ్వండి చాలు.

అపోహ: ఒకసారి పెడితే కోర్సు అయ్యేదాకా వస్తుంది.

ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి. హాజరు 75 శాతం ఉండాలి.

అపోహ: విదేశీ చదువుకు ఇచ్చే 20 లక్షలు ముందే చేతికొస్తాయి.

తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి గురించి సరిగా తెలియక చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. డిగ్రీలో 60 శాతం, వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు, దాంతోపాటు ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష)లో 6 లాంటి స్కోర్లు కావాలి. డబ్బు మాత్రం రెండు విడతలు: మొదటి 10 లక్షలు అక్కడ దిగిన ఆధారం పంపాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక. అంటే వీసాకు చూపాల్సిన సొమ్ము, మొదటి సెమిస్టర్ ఫీజు ముందు మీరే సమకూర్చుకోవాలి. చాలామందికి విద్యా రుణం తప్పదు. బ్యాంకుకు వెళ్లేటప్పుడు విద్యానిధి మంజూరు పత్రం కూడా చూపించండి.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వేరు. దేశం మొత్తానికి ఏటా 20 మాత్రమే, అందులో 3 బాగా వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన ఆదిమ తెగలకు. చెంచు, కోలాం, కొండరెడ్డి, తోటి పిల్లలు పీజీ దాకా వచ్చి ఉంటే దీన్ని తప్పకుండా ప్రయత్నించాలి.