పదిహేను నిమిషాల లెక్క

1935 మే నెల. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఏక్రన్ పట్టణం. మేఫ్లవర్ హోటల్ లాబీలో, తాగుడు మానిన బిల్ విల్సన్ పచార్లు చేస్తున్నాడు. వచ్చిన వ్యాపారం చెడింది, జేబు ఖాళీ. ఒక పక్క బార్‌లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. మరో పక్క టెలిఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చీల జాబితా ఉన్నాయి. అతను ఫోను వైపే నడిచాడు. తనకు వైద్యుడు కావాలని అడగలేదు, మాట్లాడటానికి మరో తాగుబోతు కావాలన్నాడు. మరునాడు సాయంత్రం బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. స్మిత్ పదిహేను నిమిషాలకు మించి కూర్చోనని షరతు పెట్టి వచ్చాడు. లేచేసరికి రాత్రి పదకొండు దాటింది. తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ సంభాషణలోంచే పుట్టింది.

అమెరికా ప్రభుత్వ వైద్య బీమా మెడికెయిడ్‌లో ఇప్పుడు ఇలాంటి తోడుకు ఒక బిల్లింగ్ కోడ్ ఉంది: హెచ్0038. దాని ఒక యూనిట్ విలువ సరిగ్గా పదిహేను నిమిషాలు. ఆ యూనిట్‌కు డబ్బు రావాలంటే మాట్లాడే మనిషి దగ్గర సర్టిఫికెట్ ఉండాలి. ఆ మనిషిని పీర్ రికవరీ స్పెషలిస్ట్ అంటారు. తానూ వ్యసనంలోనో మానసిక వ్యాధిలోనో పడి కోలుకుని, ఇప్పుడు అదే దారిలో ఉన్నవారి వెంట నడిచే ఉద్యోగి అన్నమాట. చికిత్స చేయడం ఈ ఉద్యోగంలో భాగం కాదు. క్లినిక్‌కు వెంట వెళ్లడం, ఇల్లో పనో వెతకడంలో సాయపడటం, మళ్లీ తాగాలనిపించిన పూట పక్కన కూర్చోవడం ఇందులోకి వస్తాయి.

ఆలోచన పాతదే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డును చూసిన జాన్ బాప్టిస్ట్ ప్యూసాఁ ఒకప్పుడు అక్కడే రోగి. కోలుకున్నవారినే సహాయకులుగా పెట్టుకునేవాడు, వాళ్లు రోగులను కొట్టరన్న నమ్మకంతో. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు వాషింగ్టోనియన్ సంఘం పెట్టి ఒకరినొకరు మాన్పించుకున్నారు.

వీటిలో జీతం మాట వచ్చినప్పుడే చిక్కు మొదలైంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1950లో ఆమోదించుకున్న పన్నెండు సంప్రదాయాల్లో ఎనిమిదోది, తమది ఎన్నటికీ వృత్తిగా మారకూడదంటుంది. కానీ 1970లో పరిస్థితి మారింది. తానే తాగుడు మానిన సెనేటర్ హెరాల్డ్ హ్యూస్ చొరవతో వచ్చిన చట్టం చికిత్సా కేంద్రాలకు ఫెడరల్ నిధులు తెచ్చింది. ఆ కేంద్రాల్లో కౌన్సెలర్లుగా చేరినవారిలో చాలామంది కోలుకున్నవారే. డబ్బిచ్చేవారు అర్హత ఏమిటని అడిగారు. సర్టిఫికెట్లు వచ్చాయి, తర్వాత డిగ్రీలు వచ్చాయి. కాలక్రమంలో అనుభవం పక్కకు జరిగి, చదువు ముందు కుర్చీలో కూర్చుంది. ఇవాళ్టి పీర్ ఉద్యోగం, నా దృష్టిలో, అప్పుడు బయటికి పంపినవారిని పక్క తలుపులోంచి మళ్లీ లోపలికి పిలవడమే.

ఆ తలుపు తెరిచింది జార్జియా రాష్ట్రం. అప్పటికి మానసిక వైద్యం వైపు రోగుల హక్కుల ఉద్యమం బలంగా ఉంది. 1999లో జార్జియా పీర్ సేవలకు మెడికెయిడ్ చెల్లింపు సాధించింది. తొలి బృందానికి 2001లో సర్టిఫికేషన్ ఇచ్చింది. 2007 ఆగస్టులో మెడికెయిడ్ అధికారులు అన్ని రాష్ట్రాలకూ లేఖ రాశారు. చెల్లింపుకు మూడు షరతులు పెట్టారు: పైవారి పర్యవేక్షణ, ఇతర సేవలతో సమన్వయం, శిక్షణతో కూడిన సర్టిఫికేషన్. ఏం నేర్పాలో, ఎన్ని గంటలు నేర్పాలో రాష్ట్రాలకే వదిలేశారు. దాంతో ఎవరి కొలత వారిది అయింది. పేర్లు కూడా ఒకటి కావు, ఒకచోట రికవరీ కోచ్, మరోచోట పీర్ స్పెషలిస్ట్.

సర్టిఫికెట్లిచ్చే అనేక రాష్ట్రాల బోర్డులు సభ్యులుగా ఉన్న ఐసీ అండ్ ఆర్‌సీ సంస్థ ప్రమాణం ప్రకారం 46 గంటల శిక్షణ, 500 గంటల పని అనుభవం, 25 గంటల పర్యవేక్షణ, ఆపై పరీక్ష ఉండాలి. 46 గంటల్లో 16 నైతిక బాధ్యతలకే పోతాయి. అది సబబే. తన కథ ఎంతవరకు చెప్పాలి, స్నేహం ఎక్కడ ఆగాలి అన్నవి ఈ పనిలో రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. కానీ 500 గంటలు? చాలామంది వాటిని జీతం లేకుండా పూర్తిచేయాల్సి వస్తుంది. అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న మనిషికి అది చిన్న మాట కాదు.

అంతకన్నా విడ్డూరం నేర చరిత్ర తనిఖీ. మత్తుమందు దగ్గర ఉంచుకోవడమే నేరమైన దేశంలో, పదేళ్లు ఆ ఊబిలో ఉన్నవారికి పోలీసు రికార్డు ఉండకపోతేనే ఆశ్చర్యం. ఏ గతం ఆ మనిషికి అర్హత ఇచ్చిందో, దరఖాస్తులో ఆ గతమే అడ్డం పడుతుంది.

2023లో వ్యసనాల, మానసిక ఆరోగ్య సేవలను చూసే ఫెడరల్ సంస్థ సామ్సా జాతీయ నమూనా ప్రమాణాలు ప్రకటించింది. శిక్షణ 40 నుంచి 60 గంటలు, పర్యవేక్షణలో పని 120 గంటలు చాలన్నది. అవి సిఫారసులు మాత్రమే, పాటించాలన్న నిర్బంధం లేదు. 2024 జనవరి నుంచి వృద్ధుల బీమా మెడికేర్ కూడా కొత్త కోడ్‌లు తెచ్చింది. అక్కడ లెక్క నెలకు 60 నిమిషాలతో మొదలవుతుంది.

ఏక్రన్‌లోని ఆ సాయంత్రాన్ని పాత కోడ్‌లో వేస్తే పాతిక యూనిట్ల దాకా వస్తుంది. కానీ బిల్లు వేసే వీలుండదు. దరఖాస్తుదారు కోలుకుని కనీసం ఏడాదో రెండేళ్లో కావాలని కొన్ని రాష్ట్రాల నియమం. ఆ రోజుకు విల్సన్ తాగుడు మాని ఐదు నెలలే.