మోటారు తిరుగుతుంటే చక్రం ఎందుకు ఆగింది?

చిన్నీ, బాబీ,

సెలవులు అయిపోయి మీరు బయల్దేరే రోజు పొద్దున బాబీ అడిగాడు: "తాతయ్యా, మోటారు తిరుగుతూనే ఉంది కదా, మరి చక్రం ఎందుకు ఆగిపోయింది?" బస్సు టైమైపోతోందని అప్పుడు చెప్పలేదు. మీరు వెళ్లాక మెషీన్ విప్పాను. నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు చెబుతాను, ఇద్దరూ కలిసి చదవండి.

చెక్కను నున్నగా చేసే ఆ మెషీన్‌లో, మోటారులోంచి బయటికి వచ్చే ఇనుప కడ్డీని షాఫ్టు అంటారు. దానికి పుల్లీ, అంటే బెల్టు కూర్చునే చిన్న గాడి చక్రం, తొడిగి ఉంటుంది. పుల్లీ మీద నుంచి బెల్టు వెళ్లి చక్రాన్ని తిప్పుతుంది. ఆ రోజు షాఫ్టు మాత్రం గిర్రున తిరుగుతోంది, పుల్లీ ఉన్నచోటే ఉంది.

అమ్మమ్మ ఉంగరం గుర్తుందా? ఈ మధ్య చిక్కిపోయింది కదా, ఉంగరం వదులై వేలి చుట్టూ తిరిగిపోతోంది. రాయి ఎప్పుడు చూసినా అరచేతి వైపే ఉంటుంది. బొటనవేలితో నొక్కి పట్టుకుంటే తిరగదు. షాఫ్టును వేలనుకోండి, పుల్లీ ఉంగరం. బొటనవేలి పని అక్కడ సెట్ స్క్రూ చేస్తుంది. ఉంగరానికి ఒక చిల్లు పెట్టి, అందులోంచి స్క్రూ దింపి వేలిని నొక్కినట్టన్నమాట. దానికి తల ఉండదు. పైన ఆరు మూలల గుంట ఉంటుంది, అందులో అలెన్ కీ అనే ఆరు పలకల కడ్డీ పెట్టి బిగించాలి.

ఆ స్క్రూ మోసే బరువు ఎంతో తెలుసా? మన మోటారు అర హెచ్‌పీ. నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24. షాఫ్టు 14 ఎం.ఎం. లావు. లెక్క కడితే షాఫ్టు అంచు దగ్గర సుమారు 36 కిలోల బరువంత బలం వచ్చింది. స్విచ్ వేసిన క్షణంలో ఇంకా ఎక్కువ. బాబీ, నువ్వు అంత బరువు లేవు. ఆ బలాన్నంతా పుల్లీకి అందించేవి చిటికెనవేలి గోరంత కూడా లేని రెండు స్క్రూలు.

అలెన్ కీ పెట్టగానే మొదటి స్క్రూ చేతితో తిప్పినంత తేలిగ్గా వచ్చేసింది. దాని చుట్టూ వెండి వెంట్రుకలాంటి సన్నటి తీగ చుట్టుకుని ఉంది. ఏమిటా అని కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, అది పుల్లీ చిల్లు లోపలి మర, అంటే స్క్రూ పట్టుకునే మెలికల గాడి! పుల్లీ అల్యూమినియం, స్క్రూ స్టీలు. వదులైన స్క్రూ కదిలి కదిలి మెత్తటి మరను ఒలిచేసింది. రెండోదీ అంతే. పది రోజులుగా స్విచ్ వేసినప్పుడల్లా టక్ అని చప్పుడు వస్తూనే ఉంది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ రోజే అర చుట్టు బిగించి ఉంటే సరిపోయేది. ఏ వస్తువైనా ముందు చిన్న గొంతుతోనే చెబుతుంది పిల్లలూ, అప్పుడే వినాలి.

నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్న సైకిలు తొక్కేవాణ్ణి. పెడల్ కడ్డీ ఇరుసు మీద జారేది. పాత సైకిళ్లలో ఆ రెండింటినీ కలిపేది కాటర్ పిన్ను. అది అరిగిపోతే, నాన్నకు చెప్పకుండా దాని బదులు ఒక మేకు దిగ్గొట్టాను. ఎత్తు ఎక్కుతుంటే మేకు వంగింది, నేను పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. నాన్న కోప్పడలేదు. సైకిలు పక్కకు పడుకోబెట్టి, ఇరుసు మీద వేలు పెట్టి తడమమన్నాడు. గుండ్రటి ఇరుసుకి ఒకచోట చదునుగా కోత ఉంది. కాటర్ పిన్నుకీ ఒక పక్క చదునే. "గుండ్రటిదాని మీద ఏదీ నిలవదురా, కూర్చోవడానికి చోటివ్వాలి" అన్నాడు. ఆ ఇనుము చల్లదనం ఇప్పటికీ నా వేలికి తెలుస్తూనే ఉంది.

ఇక మన పుల్లీ. ముందు ప్లగ్గు పీకి పక్కన పెట్టాను. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు కళ్లెదుట కనిపిస్తుండాలి. స్క్రూలు రాసుకుని షాఫ్టు మీద ఇనుము అంచులా లేచింది. అది అడ్డుపడటంతో పుల్లీ ఊడదీయడానికే ఒక మధ్యాహ్నం పోయింది. అమ్మమ్మ ఉంగరానికి దారం చుట్టినట్టు, షాఫ్టుకి పల్చటి రేకు చుడదామా అని కూడా అనిపించింది. కానీ వేలు మెత్తన, దారమూ మెత్తన, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రేకు అలా పట్టుకోదు, పైగా పుల్లీ ఒక పక్కకు ఒరిగి ఊగుతుంది.

అందుకని పాత 6 ఎం.ఎం. మరలు వదిలేసి, 6.8 ఎం.ఎం. డ్రిల్లుతో రంధ్రాలు పెద్దవి చేసి, 8 ఎం.ఎం. స్క్రూకి కొత్త మర కోశాను. మర కోసే పనిముట్టును ట్యాప్ అంటారు. చూడటానికి స్క్రూలాగే ఉంటుంది గానీ ఒళ్లంతా పదునే. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, మధ్యమధ్య నూనె చుక్క. వెనక్కి తిప్పినప్పుడే తెగిన రజను విరుగుతుంది. తొందరపడి బలంగా తిప్పామా, ట్యాపే పుటుక్కున విరుగుతుంది. అది చాలా గట్టిది, గట్టిది కాబట్టే వంగదు.

తర్వాత షాఫ్టు మీద, ఒక్కో స్క్రూ వచ్చే చోట ఆకురాయితో చదును చేశాను. నాన్న చెప్పిన చోటు అదే. ఈ రెండు స్క్రూలూ ఎదురెదురుగా ఉండవు, పావు చుట్టు దూరంలో ఉంటాయి. ఎందుకంటే అప్పుడు రెండూ కలిసి షాఫ్టును అవతలి గోడకు నెట్టి అదిమి పట్టగలవు. ఎదురెదురుగా ఉంటే రెండు మొనల మధ్య షాఫ్టు వేలాడుతుంది. చివరికి మరలో ఒక చుక్క నీలం రంగు లాకింగ్ జిగురు వేసి బిగించి, మర్నాటి వరకు ముట్టుకోలేదు. షాఫ్టే బాగా అరిగిపోయి ఉంటే ఇవేవీ పనికిరావు, లేతు పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

ఇప్పుడు స్విచ్ వేస్తే టక్ లేదు. బెల్టు సవ్వడి ఒక్కటే వినిపిస్తోంది.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉంది. అమ్మ గ్యాస్ స్టవ్ తుడిచేటప్పుడు నాబ్‌లు లాగి తీస్తుంది కదా, అప్పుడు పక్కన నిలబడి చూడండి. మీరు తీయొద్దు. బయటికి కనిపించే ఆ చిన్న కడ్డీ పూర్తి గుండ్రంగా ఉందా, ఒక పక్క చెక్కేసినట్టు ఉందా? నాబ్‌ను తిరగేసి లోపలి రంధ్రం కూడా చూడండి. రెండింటి బొమ్మలూ గీసి నాకు పంపండి.

మీ
తాతయ్య